ఆన్‌లైన్ పోకర్: ఆడకుండా వదిలేసే ముక్కల లెక్క

పోకర్ పేరుతో ఆటలు అనేకం ఉన్నా, ఇంటర్నెట్‌లో ఎక్కువమంది ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఇందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. ఆ తరువాత అందరికీ చెందే ఐదు ముక్కలను మొదట మూడు, పిదప ఒకటి, చివరకు మరొకటిగా బల్లపై తెరుస్తూ, ప్రతి దశలోనూ పందెం కాసే అవకాశమిస్తారు. పోగైన సొమ్మును పాట్ అంటారు. మొత్తం ఏడు ముక్కలలో మేలైన ఐదింటి కూర్పు ఎవరిదైతే పాట్ వారిదే, కాని ప్రత్యర్థులందరూ ముందే తప్పుకుంటే ముక్కలు చూపకుండానే గెలవవచ్చు. బ్లఫ్, అంటే లేని బలం ఉన్నట్టు బుకాయించడం, ఈ వెసులుబాటు నుండే పుట్టింది.

2003లో క్రిస్ మనీమేకర్ అనే అమెరికన్ అకౌంటెంటు కొద్ది డాలర్ల ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ప్రవేశించి 25 లక్షల డాలర్లు గెలవడంతో ఈ ఆటకు ఎనలేని ప్రచారం లభించింది. అయితే ఆ గెలుపు వల్ల తెగింపే నేర్పు అన్న భ్రమ కూడా వ్యాపించింది. నిజానికి కొత్తవారు నష్టపోయేది ఎక్కువగా బ్లఫ్‌లు చేతకాక కాదు, వదిలేయవలసిన ముక్కలతో ఆడటం వల్లనే. రెండు ముక్కల జోడింపులు 1,326 ఉండగా, జత పడేది సగటున 17 పంపకాలకు ఒకసారి, రెండు ఆసులు పడేది 221 పంపకాలకు ఒకసారి. కనుక ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గరైనా నిదానస్తుడు నాలుగింట మూడు పంపకాలను మొదట్లోనే వదిలేస్తాడు.

ఏది వదలాలన్నది ముక్కలను బట్టే కాక వంతును బట్టి కూడా ఉంటుంది. చివర ఆడేవారికి ఇతరుల నిర్ణయాలు ముందే తెలుస్తాయి కాబట్టి, మొదటి వంతులో పారవేయదగిన రాజు, జాకీ చివరి వంతులో ఆడదగినవి కావచ్చు.

ఇక పాట్ ఆడ్స్ అనే లెక్క తెలియకపోతే మిగిలిన తెలివి అంతగా అక్కరకు రాదు. ఒకే గుర్తు గల ఐదు ముక్కలను ఫ్లష్ అంటారు. ఆటగాడి చేతిలో రెండు, బల్లపై తెరిచిన మూడింటిలో రెండు ఇస్పేటు ముక్కలున్నాయనుకుంటే, కనబడని 47 ముక్కలలో ఇస్పేట్లు తొమ్మిది, అంటే తరువాతి ముక్కకే ఫ్లష్ కుదిరే అవకాశం సుమారు 19 శాతం. పాట్‌లో 100 ఉండగా ప్రత్యర్థి 50 కాస్తే, 50 పెట్టి మొత్తం 200 కోసం పోటీపడినట్టు. దానికి 25 శాతం అవకాశం ఉండాలి, కాబట్టి ఒక్క ముక్క కోసమే ఆ సొమ్ము పెట్టడం నష్టం. ప్రత్యర్థి తన సొమ్మంతా కాసేసి ఇక పందాలు లేకుండా రెండు ముక్కలూ చూడగలిగితే మాత్రం అవకాశం 35 శాతానికి పెరిగి, అదే నిర్ణయం లాభసాటి అవుతుంది.

ఆన్‌లైన్ బల్లకు ప్రత్యేకమైనవి వేగమూ, రేక్ అనే కమీషన్ ఆగకుండా కోసుకుపోయే తీరూ. పంపకాలు ప్రత్యక్ష ఆటకంటే ఎన్నోరెట్లు త్వరగా సాగడం వల్ల, సమాన నేర్పు గల ఆటగాళ్ల మధ్య సొమ్ము అటూ ఇటూ మారుతున్నట్టు కనబడుతూనే నిర్వాహకుడి చేతికి చేరుతుంది. ఓడిన కోపంలో పందాలు పెంచే వారి విషయంలో ఆ ప్రవాహం మరింత జోరందుకుంటుంది.

చట్టం సంగతి వేరే. రమ్మీలో నేర్పుదే పైచేయి అని ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కేసులోనే సుప్రీంకోర్టు 1960వ దశకంలో చెప్పినా, తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నేర్పు, అదృష్టం అన్న తేడా పాటించకుండానే దేశమంతటా వాటిని నిషేధించింది. అమెరికాలో న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలలో మాత్రం లైసెన్సుతో ఆన్‌లైన్ పోకర్ నడుస్తోంది. ఇక్కడి పాఠకుడికి మిగిలేది ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే ఆట. అందులో వంతు, లెక్క బాగానే పట్టుబడతాయి గాని, పోయేదేమీ లేనివారు దేనికీ తప్పుకోరు కనుక బ్లఫ్ మాత్రం పట్టుబడదు.