వరి విత్తన ఎంపికలో ఉప్పునీరు: తేలడం, మునగడం వెనుక సూత్రం

వరి విత్తనాన్ని మంచినీటిలో పోసి, తేలిన తాలును తీసివేస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు. అయితే నారుమడిలో బలహీనమైన మొలకలకు కారణమయ్యే సగం నిండిన గింజలు మంచినీటిలో మునిగి, గట్టి గింజలతో కలిసిపోతాయి. ఉప్పునీటి ద్రావణం అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.

సూత్రం

ద్రవంలోని వస్తువుపై, అది తొలగించిన ద్రవం బరువుకు సమానమైన ఉత్ప్లవన బలం పనిచేస్తుందని ఆర్కిమెడిస్ సూత్రం తెలుపుతుంది. తేలే వస్తువు తన బరువుకు సమానమైన ద్రవాన్ని తొలగిస్తుంది. పూర్తిగా మునిగినది తన ఘనపరిమాణానికి సమానమైన ద్రవాన్నే తొలగిస్తుంది.

ఉదాహరణకు, వెయ్యి గింజల ఘనపరిమాణం 22 మి.లీ. అనుకుందాం. నిండు గింజల బరువు 25 గ్రా., సగం నిండినవాటి బరువు 23 గ్రా. మునిగినప్పుడు అవి తొలగించే మంచినీటి బరువు 22 గ్రాములే కనుక రెండూ మునుగుతాయి. ద్రావణ సాంద్రత 1.09 అయితే 22 మి.లీ. బరువు సుమారు 24 గ్రా. అప్పుడు నిండు గింజలు మునుగుతాయి. సగం నిండినవి సుమారు 21.1 మి.లీ. ద్రావణాన్ని తొలగించి తేలుతాయి. గింజ మారలేదు, ద్రవం మారింది.

ఆచరణ

10 లీటర్ల నీటిలో 1.5 కిలోల ఉప్పు కరిగిస్తే దాదాపు ఈ సాంద్రత వస్తుంది. తాజా కోడిగుడ్డు తేలితే ద్రావణం సిద్ధమైనట్లే. నిల్వ గుడ్డులో గాలి గది పెరుగుతుంది కనుక అది పలుచని ద్రావణంలోనూ తేలి తప్పుదారి పట్టిస్తుంది. గింజలకు అంటుకున్న గాలి బుడగలు మంచి గింజలను సైతం తేలుస్తాయి. అందువల్ల బాగా కలియబెట్టిన తరువాతే పైకి తేలినవాటిని తొలగించాలి. వరుసగా విత్తనం వేస్తున్నప్పుడు గుడ్డుతో ద్రావణాన్ని మళ్లీ పరీక్షించాలి. ఉప్పు మోతాదు మించితే మంచి విత్తనమూ వృథా అవుతుంది. మునిగిన విత్తనాన్ని వెంటనే రెండు, మూడుసార్లు మంచినీటితో కడగాలి. మిగిలిన ఉప్పు మొలకకు హాని చేస్తుంది.

పరిమితి

ఈ పద్ధతి గింజ బరువును చెబుతుంది, జీవశక్తిని కాదు. పాతబడి మొలకెత్తే శక్తి కోల్పోయిన గింజ కూడా మునుగుతుంది. ధృవీకృత వరి విత్తనానికి కనీస మొలక శాతం 80. కనుక ఉప్పునీటి ఎంపికతో పాటు మొలక పరీక్షను కూడా రైతులకు తప్పక సూచించాలి.