విమానం దిగింది.. లైను కదలదు!

సెలవు మంజూరైందని తెలిసిన రోజు నుంచి క్యాంపులో మనిషి నడకే మారిపోతుంది. అట్టపెట్టె తెచ్చుకోవడం, బరువు చూసి రెండు సబ్బులు తీసెయ్యడం, మళ్ళీ మనసొప్పక ఒకటి పెట్టడం, పైన పేరు, ఊరు, మండలం పెద్ద అక్షరాలతో రాయించడం.. ఇదంతా మనందరికీ తెలిసిన పండగే. ఈ పండగలో ఎవరూ లెక్కలో వేసుకోనిది ఒకటుంది. అదే ఇమిగ్రేషన్ లైను.

మేం ముగ్గురం ఒక కంపెనీ టైం ఆఫీసులో గుమాస్తాలం. సెలవు కాగితాలు, టికెట్లు, ఇకామా రెన్యువల్ ఫైళ్ళు మా టేబుళ్ళ మీదుగానే పోతాయి. లైను గురించి మాకన్నీ తెలుసనుకునేవాళ్ళం. మా క్యాంపు తాపీ మేస్త్రీ ఒకాయనకు జరిగింది చూశాక మాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. జరిగింది మాత్రం రాయమన్నాడు.

మేస్త్రీ పోగొట్టుకున్న పూట

ఆయనది జగిత్యాల వైపు పల్లె. ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ఫోను వచ్చింది. తల్లి పోయింది. ఒక్కడే కొడుకు. మేనేజరు పదిహేను రోజులు సెలవు రాశాడు. మేం టికెట్ చూశాం. ఆ రాత్రి నేరుగా హైదరాబాద్ పోయే విమానంలో ఉన్న రెండు సీట్లూ ధర ఎక్కువ. మన దేశంలోనే ఇంకో పెద్ద ఎయిర్‌పోర్టుకు తక్కువలో దొరికింది. అక్కడి నుంచి హైదరాబాద్‌కు వేరే కంపెనీ విమానం. రెండింటి మధ్య రెండు గంటల పది నిమిషాలు గ్యాప్. కంపెనీకి డబ్బు మిగులుతుంది, మనిషి మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఉంటాడు అనుకున్నాం.

విమానం సరిగ్గా టైముకే, తెల్లవారుజామున మూడూ పదికి దిగింది. తలుపు తీసి, బయటికొచ్చి, నడిచి హాలు చేరేసరికి మూడూ నలభై. అప్పటికే ముందు దిగిన విమానాల జనం పాములా మెలికలు తిరిగి నిలబడ్డారు. మేస్త్రీకి వరసలు లెక్కపెట్టడం అలవాటు. పన్నెండు కౌంటర్లలో ఐదింటి దగ్గరే ఆఫీసర్లున్నారని లెక్కపెట్టాడు. ఆయన వంతు వచ్చేసరికి ఐదూ ఐదు. ముద్ర వేయడానికి పట్టింది ఒక్క నిమిషం. పెట్టె బెల్టు పక్కన నేల మీద పడి ఉంది. కస్టమ్స్ దాటి, దాన్ని మోసుకుని పరుగెత్తితే లోపలి విమానాల కౌంటర్లో అమ్మాయి తల అడ్డంగా ఊపింది. విమానం ఐదూ ఇరవైకి. చెక్ఇన్ ఎప్పుడో మూసేశారు.

రెండు టికెట్లు వేర్వేరు కాబట్టి పోయిన టికెట్‌కు ఎవరూ జవాబుదారీ కాదన్నారు. పక్కనున్న కడప ఆయన దగ్గర చేబదులు తీసుకుని మధ్యాహ్నం విమానానికి కొత్త టికెట్ కొన్నాడు. ఊళ్ళో సాయంత్రం నాలుగు దాకా చూశారు. పొద్దు గూకకముందే కానివ్వాలని పెద్దలు తొందరపెట్టారు. పాలివాళ్ళ అబ్బాయితో తలకొరివి పెట్టించారు. మేస్త్రీ చేరింది రాత్రి ఏడింటికి.

తిరిగొచ్చాక మా ఆఫీసుకొచ్చి, "మీ తప్పేం లేదు సారూ, లైను గట్లనే ఉన్నది" అన్నాడు. మాకు మాట రాలేదు. ఎందుకంటే లైను సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, టికెట్ రాసిన మాకు తెలిసి ఉండాలి. విదేశం నుంచి వచ్చిన మనిషికి ఇమిగ్రేషన్ మన దేశంలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే అవుతుంది. కస్టమ్స్ కూడా అక్కడే. పెట్టె తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. దీనికి రెండు గంటలు చాలదని ఆలోచించాల్సింది మేమే.

అర్ధరాత్రే ఎందుకింత రద్దీ?

గల్ఫ్ నుంచి మన వైపు ప్రయాణం మూడున్నర గంటల నుంచి ఐదు గంటలు. మన గడియారం యూఏఈ కంటే గంటన్నర, సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి పదింటికి లేచిన విమానం అక్కడ కోడికూసే వేళకు దిగుతుంది. అన్ని దేశాల నుంచీ అదే వేళకు బయల్దేరితే అన్నీ అదే వేళకు దిగుతాయి.

చిన్న లెక్క చూద్దాం. నూట ఎనభై మంది చొప్పున రెండు విమానాలు ఒకేసారి దిగాయనుకోండి. 360 మంది. ఆరు కౌంటర్లు నడుస్తుంటే కౌంటరుకు 60 మంది. మనిషికి రెండు నిమిషాలైతే ఆఖరివాడికి రెండు గంటలు. అదే పన్నెండు కౌంటర్లు నడిస్తే గంట. ఈ లెక్క మాలాంటి ఇంటర్ చదివిన గుమాస్తాలే వేయగలరు. ఏ విమానం ఎప్పుడు దిగుతుందో ఎయిర్‌పోర్టు వాళ్ళకు ముందే తెలుసు. ఉన్న కౌంటర్లన్నింటిలో ఆ రెండు మూడు గంటలు మనుషుల్ని కూర్చోబెట్టమనే మేం అడిగేది.

2022 డిసెంబరులో ఢిల్లీ ఎయిర్‌పోర్టు మూడో టెర్మినల్‌లో రద్దీపై ప్రయాణికులు గోల చేశారు. ఫొటోలు దేశమంతా తిరిగాయి. అప్పటి విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా స్వయంగా వెళ్ళి చూశారు. అడిగేవాళ్ళుంటే కదులుతారని దాన్ని చూస్తే తెలిసింది. మనం లైన్లో నిలబడి ఫొటో తీయం, ఫిర్యాదు రాయం. ఇంటికి పోతున్నాం కదా అని ఊరుకుంటాం.

కొంత మారింది

మారనేలేదని అంటే అబద్ధమవుతుంది. పాత కాపులకు గుర్తుండే ఉంటుంది. విమానంలో ఇంగ్లిష్ ఫారం ఇచ్చేవాళ్ళు. పెన్ను ఉండేది కాదు. రాయడం వచ్చిన ఒక్కడు దొరికితే ముందు వరస, వెనక వరస పాస్‌పోర్టులన్నీ వాడి ఒళ్ళోకే వచ్చేవి. దేశంలోకి వచ్చే భారతీయులకు ఆ కార్డు 2014 మార్చి 1 నుంచి, దేశం నుంచి వెళ్ళేవాళ్ళకు 2017 జులై 1 నుంచి తీసేశారు. ఆ తిప్పలు తప్పాయి.

ఇప్పుడు ఫాస్ట్ ట్రాక్ పథకం కూడా ఉంది. ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం అంటారు. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలుపెట్టి, 2025 జనవరిలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి వంటి ఎయిర్‌పోర్టులకు పెంచారు. ముందుగా కేంద్ర హోం శాఖ వెబ్‌సైట్లో వివరాలు నింపి, తర్వాత వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. ఆమోదం వచ్చాక ఈ-గేటు గుండా పోవచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. ఫీజు లేదు, కాబట్టి నేను చేయించి పెడతానని డబ్బడిగేవాడికి ఇవ్వకండి. దీన్ని క్యాంపుల్లో చెప్పినవాళ్ళే లేరు. మీ టైం ఆఫీసులో కంప్యూటరుంటే నింపి పెట్టమని అడగండి. మేం మా దగ్గర శుక్రవారాలు నింపుతున్నాం.

వచ్చేటప్పుడు ఇంకో లైను

సెలవు ముగిసి తిరిగొచ్చేటప్పుడు లైను బాధ వేరే రకం. రాత్రి రెండింటికి దిగి, ఐదింటికి క్యాంపు చేరి, ఐదున్నర బస్సెక్కి సైటుకు పోయినవాళ్ళు మనలో ఎందరో. బస్సు తప్పితే ఒక రోజు జీతం పోతుంది.

ఇక్కడ ఎక్కువమందిని నిలబెట్టేది వేలిముద్ర. సిమెంటు క్షారం చర్మాన్ని తినేస్తుంది. తాపీ పనివాళ్ళకు, టైల్స్ వాళ్ళకు వేలి గీతలు అరిగిపోతాయి. మిషను తీసుకోదు. "మళ్ళీ పెట్టు" అంటాడు, మళ్ళీ పెడతాం, వెనక లైను గొణుగుతుంది. తప్పు చేసినట్టు తల దించుకుంటాం. తప్పేముంది? మీరు కట్టిన గోడలే మీ వేళ్ళను అరగదీశాయి. ప్రయాణానికి పదిరోజుల ముందు నుంచి రాత్రిళ్ళు కొబ్బరినూనె రాయండి. కౌంటరు దగ్గర మాత్రం వేళ్ళు శుభ్రంగా తుడుచుకోండి. జిడ్డున్నా పడదు. గోరింటాకు ముదురుగా పెట్టుకున్నా ఇబ్బందే.

చేతిలో ఏముండాలి?

కౌంటరు దగ్గర ఒక్కరు పది నిమిషాలు ఆగితే ఆ వెనకున్న వాళ్ళందరికీ పది నిమిషాలు ఆలస్యం. కాబట్టి ఇవి పెట్టెలో కాదు, చొక్కా జేబులోనో చేతి సంచిలోనో ఉండాలి.

పాస్‌పోర్టుతో పాటు ఇకామా, బతాకా, ఎమిరేట్స్ ఐడీ.. మీ దేశంలో ఏదైతే అది. యూఏఈలో 2022 ఏప్రిల్ నుంచి, కువైట్‌లో 2019 మార్చి నుంచి పాస్‌పోర్టులో రెసిడెన్సీ స్టిక్కరు అంటించడం లేదు. కార్డే మీ సాక్ష్యం. సౌదీ వాళ్ళు ఎగ్జిట్ రీఎంట్రీ ప్రింటు తప్పక ఉంచుకోవాలి.

పాస్‌పోర్టులో పేరెలా ఉందో వీసాలో, టికెట్‌లో అలాగే ఉండాలి. మన వాళ్ళలో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలా ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. ఇంటివాళ్ళను విజిట్ మీద తెచ్చుకోవాలనుకునేవారు ముందే చూసుకోవాలి.

ఇక ఈసీఆర్ సంగతి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉంటుంది. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే వీళ్ళకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తానని ఏజెంటు చెబితే, ఎయిర్‌పోర్టులోనే ఆపేసి వెనక్కి పంపే ప్రమాదముంది. పోయేది మీ డబ్బే, ఏజెంటుది కాదు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, విదేశాల్లో మొత్తం మూడేళ్ళకు పైగా ఉన్నవారికి ఈసీఆర్ అక్కర్లేదు. ఒకే విడతలో ఉన్నా, విడతలు విడతలుగా ఉన్నా సరే. 50 ఏళ్ళు దాటినవారికీ అంతే. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకునేటప్పుడు ఆ ఆధారాలు చూపించి తీయించుకోవచ్చు. కౌంటరు దగ్గర ఒక ప్రశ్న తగ్గుతుంది.

నోరు తెరవండి

మేస్త్రీని మేం అడిగాం, "తల్లి పోయిందని అక్కడ ఎవరికైనా చెప్పావా?" అని. "ఎవ్వలికి చెప్పాలె సారూ? అందరు లైన్లనే ఉన్నరు గదా" అన్నాడు.

మనకు భయం. యూనిఫాం కనిపిస్తే మాట గొంతులోనే ఆగిపోతుంది. కానీ చావు కబురు, ఆసుపత్రి, వెంటనే పట్టుకోవాల్సిన రెండో విమానం.. ఇలాంటివుంటే విమానం దిగకముందే లోపలి సిబ్బందికి చెప్పండి. హాల్లో లైను సరిచేసే మనిషికి చెప్పండి. ఫోనులో వచ్చిన మెసేజీ చూపించండి. ముందున్న వారినీ అడగండి. "అమ్మ చనిపోయింది, విమానం పోతది" అంటే దారివ్వని తెలుగువాడు, మలయాళీ, బీహారీ ఎవరూ ఉండరని మా నమ్మకం. అందరూ కాదన్నా పోయేదేం లేదు, ఉన్న చోటే ఉంటాం.

ఎయిర్‌పోర్టుల వాళ్ళను మేం అడిగేది కూడా పెద్దదేం కాదు. రద్దీ వేళ అన్ని కౌంటర్లూ నడపండి. చావు, జబ్బు మీద వచ్చేవారికి ఒక కౌంటరు పెట్టి, అది ఎక్కడుందో తెలుగులో, హిందీలో బోర్డు రాయండి. లైన్లో మంచినీళ్ళు ఉంచండి.

ఇక మాలాంటి గుమాస్తాలకు, పీఆర్వోలకు ఒక మాట. టికెట్‌లో మిగిలే డబ్బు కంపెనీది, లైన్లో పోయే టైము కార్మికుడిది. విదేశం నుంచి దిగి లోపలి విమానం పట్టాల్సి వస్తే ఐదు గంటలకు తక్కువ గ్యాప్ పెట్టకండి. వీలైతే రెండూ ఒకే టికెట్ మీద తీయండి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే వాళ్ళే చూసుకుంటారు. టికెట్ చేతికి రాగానే, కార్మిక మిత్రులారా, మీరు కూడా అడగండి. "సారూ, మధ్యలో ఎన్ని గంటలున్నై?" అని. అడిగితే మేం ఏమీ అనుకోం.

వచ్చే నెల మేస్త్రీ వాళ్ళ అమ్మ సంవత్సరీకం. సెలవు చీటీ మా టేబులు మీదికి వచ్చింది. ధర ఎక్కువని మేనేజరు గునిశాడు. ఈసారి ముగ్గురం కలిసి వెళ్ళి మాట్లాడాం. టికెట్ నేరుగా హైదరాబాద్‌కే తీశాం.