యంత్రపు కన్ను - ఆటస్థలమునందు, ఇంటియందు

నేడు మన పల్లెలలో చేతిఫోను లేని ఇల్లు అరుదు. రచ్చబండ కడ ఒకరు పత్రిక చదువగా పదిమంది వినెడి కాలము పోయి, వార్తయే జేబులోనికి వచ్చి కూర్చున్నది. ఆ వార్తలలో మూడు రకములవి పదే పదే కానవచ్చుచున్నవి. క్రొత్త యంత్రములను గూర్చినవి కొన్ని. ఫుట్‌బాలు పందెములలో చిన్నజట్టు పెద్దజట్టును ఓడించిన వింతలు కొన్ని. తమ స్వంత విషయములలోనికి ఎవరో తొంగిచూచినారను ఫిర్యాదులు కొన్ని. ఈ మూడింటికిని సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము కలదనియే మా అభిప్రాయము. మూడింటియందును చూచెడి కన్ను ఒకటి యున్నది. అది ఎవరి అనుమతితో, ఎందుకు చూచుచున్నది అనునదే ప్రశ్న.

ముందు ఆట సంగతి. 2022 నవంబరు 22వ తేదీన ఖతరు దేశమందలి లుసైల్ క్రీడాస్థలమున అర్జెంటీనా, సౌదీ అరేబియా జట్లు తలపడినవి. అర్జెంటీనా అప్పటికి వరుసగా 36 పందెములలో ఓటమి యెరుగదు. మెస్సీ 10వ నిమిషముననే పెనాల్టీ గోలు చేసెను. పిదప మొదటి సగములోనే మరి మూడుసార్లు అర్జెంటీనా బంతి వలలో పడినది. మూడును ఆఫ్‌సైడ్ అని కొట్టివేయబడినవి. బంతి తనకు అందింపబడు క్షణమున, ఎదుటివారి సగములో, బంతికంటెను, ఎదుటివారిలో చివరినుండి రెండవవానికంటెను గోలునకు దగ్గరగా నున్నవాడు ఆటలో కలుగజేసికొనరాదు. ఇదియే ఆఫ్‌సైడ్. దీనిని కంటితో తేల్చుట బహుకష్టము. అందుచే ఆ పోటీలలో స్టేడియము కప్పు క్రింద 12 కెమెరాలు అమర్చిరి. అవి ఒక్కొక్క ఆటగాని దేహమున 29 స్థానములను సెకనుకు 50 సార్లు గుర్తించును. బంతిలోపల అమర్చిన చిన్న యంత్రము సెకనుకు 500 సార్లు సమాచారము పంపును. రెండవ సగమున సౌదీవారు 48వ, 53వ నిమిషములలో రెండు గోలులు చేసి 2-1తో గెలిచిరి. మరునాడు ఆ దేశమున సెలవు ప్రకటించిరి. ఓడిన అర్జెంటీనాయే డిసెంబరు 18న కప్పు గెలుచుకొనుట వేరు సంగతి.

యంత్రము లేనినాడు జరిగినదియు చెప్పవలెను. 2010లో దక్షిణాఫ్రికాలో జర్మనీపై ఇంగ్లండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గోలుగీత దాటి లోపల పడినది. లోకమంతయు చూచినది, రిఫరీ మాత్రము చూడలేదు. గోలు ఇయ్యలేదు. 2012లో గోలుగీత యంత్రమునకు అనుమతి లభించి, 2014 ప్రపంచకప్పులో అది వాడుకలోనికి వచ్చినది. యంత్రమునకు మెస్సీ ఎవరో, సౌదీ బాలుడెవరో తెలియదు. బలహీనునకు ఇది మేలే.

ఆటగాండ్రెవరును ఈ కన్నులపై ఫిర్యాదు చేయకుండుటకు కారణము గలదు. చూచుచున్నారని వారికి ముందే తెలియును. ఏ నియమము కొరకో తెలియును. ఇరుజట్లను సమముగా చూతురు. కొలిచినదానిని పెద్దతెరపై అందరికిని చూపుదురు. ఈల వేయగానే ఆట ముగియును. ఆటగాని వెంట అతని పడకటింటికి ఆ కెమెరా పోదు.

చిన్నజట్టు గెలుపులు మనవారికిని క్రొత్త గావు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో దక్షిణ కొరియా మనలను మొదట 2-0తో ఓడించినది. హైదరాబాదువాడైన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ జట్టే సెప్టెంబరు 4న తుదిపందెమున అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకము తెచ్చినది.

ఆ సంవత్సరము డిసెంబరులోనే ఢిల్లీలో మరియొక తీర్పు వెలువడినది. అందు ఓటమి పాలైన పక్షము గెలుచుటకు మాత్రము 55 ఏండ్లు పట్టినది. ఉత్తర ప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనునతనిపై 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. ఐనను పోలీసులు అతని పేర ఒక చిట్టా తెరచి నిఘా వేసిరి. మన తలారివంటి చౌకీదారును, పోలీసులును రాత్రివేళ వచ్చి తలుపు తట్టుట, కేకలు వేసి నిద్ర లేపుట, ఊరు దాటిన వివరము చెప్పుమనుట జరుగుచుండెను. ఆరుగురు న్యాయమూర్తులు విచారించిరి. రాత్రివేళ ఇంటికి వచ్చుట చెల్లదని అందరును అంగీకరించిరి గాని, స్వంతజీవితమును గుట్టుగా నుంచుకొను హక్కు రాజ్యాంగమున లేదని నలుగురు పలికిరి. ఇద్దరు ఒప్పుకొనలేదు. ఆ ఇద్దరిలో తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. అట్టి హక్కు లేనిచో వ్యక్తిస్వేచ్ఛయే లేదని, ఆ నిఘా అంతయు చెల్లదని వారు వ్రాసిరి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ మార్గమునకే వచ్చిరి. అట్లు గోప్యత ప్రాథమిక హక్కైనది.

పల్లెలో గోప్యత ఎక్కడిదని నవ్వువారు కలరు. నిజమే, ఏ ఇంట ఏ కూర ఉడుకుచున్నదో వీధికంతకు తెలియును. కాని మన కూర ఎరిగిన పొరుగమ్మ కూర మనమును ఎరుగుదుము. ఫోనులోని వాడు మన ఇల్లు, అప్పు, రోగము, బిడ్డ ఛాయాచిత్రము ఎరుగును. వాడెవడో మన కెరుక లేదు.

ఇందుచే కలుగు నష్టము ఊహ గాదు. 2020లో వెంటనే అప్పిచ్చెదమను ఫోను అప్లికేషనులు తీసికొనినవారి పరిచయస్థుల నంబరులను, బొమ్మలను లాగుకొని, వాయిదా తప్పగానే బంధువులందరికిని అవమానకరమగు సందేశములు పంపగా, తెలంగాణలో ప్రాణములు తీసికొనినవారును కలరు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఉత్తరువుల ప్రకారము అప్పిచ్చు అప్లికేషను ఫోనులోని నంబరుల పట్టీని, బొమ్మలను చూడరాదు. చూతుననినచో అది సరియైనది గాదని తెలిసికొనవలెను. అట్లే 2018లో తెలంగాణలో భూమి రిజిస్ట్రేషను పత్రములపైనున్న వేలిముద్రలను రబ్బరుపై దించి సిమ్ కార్డులు పొందిన ఉదంతము బయటపడినది. వేలిముద్ర సంతకమువంటిది గాదు; దొంగిలింపబడిన పిదప మార్చుకొనుటకు వీలులేదు.

కావున కొన్ని సదుపాయములు తెలిసికొనుట మంచిది. ఆధార్ నకలు ఇయ్యవలసివచ్చినపుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో అడుగవచ్చును. వేలిముద్రలకు తాళము వేయు ఏర్పాటు ఆధార్ సంస్థవారి వెబ్‌సైటున కలదు. కాని తాళము తీయక రేషను దుకాణమున వ్రేలు పెట్టినచో పని జరుగదు, జ్ఞాపకముంచుకొనవలెను. ఓటీపీ అంకెలను బ్యాంకు మేనేజరునని చెప్పినవానికిని చెప్పరాదు. డబ్బు పోయినచో సిగ్గుపడి ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. మొదటి గంటలలో చెప్పినచో సొమ్ము ఆపుటకు అవకాశ మెక్కువ.

పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, సమాచారము కోరువారు ఎందుకు కోరుచున్నారో నోటీసు ఇచ్చి సమ్మతి పొందవలెను. ఇచ్చిన సమ్మతిని అంతే సులభముగా వెనుకకు తీసికొనవచ్చును. 18 ఏండ్లలోపు పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెను. అతిక్రమించినవారికి 250 కోట్ల రూపాయలవరకు జరిమానా కలదు. ప్రభుత్వమునకు ఇందు మినహాయింపులు కలవు. అవి మితిమీరినవని విమర్శ వినబడుచున్నది. ప్రభుత్వోద్యోగులమగు మేము ఈ మాట దాచుట తగదు. ఇండ్లు, పింఛనులు, ఎరువులు అందించుటకు వివరములు కావలెను. ఐతే ఆ వివరములు బల్లపై తెరచియున్న పుస్తకమున వచ్చిపోవు వారందరకు కనబడవలసిన పనిలేదు.

నియమములు 2025 నవంబరున ప్రకటింపబడినవి. వ్యాపారసంస్థలు పాటింపవలసిన ముఖ్యభాగములు అప్పటినుండి 18 నెలలకు అమలునకు వచ్చుటకు గడువిచ్చిరి. అప్పుడు ఆ నోటీసును రాజ్యాంగపు 8వ షెడ్యూలునందలి 22 భాషలలో దేనియందైనను అడిగి చదువుకొను సౌకర్యము ఉండును. వానిలో తెలుగు ఒకటి.