మూగవోయిన క్యాసెట్టు ప్లేయరు

నడచుచు పాట వినవచ్చునన్న ఊహను లోకమునకు నిజము చేసి చూపినది వాక్‌మన్. ఫిలిప్స్ సంస్థ 1963లో క్యాసెట్టును పరిచయము చేసినది. జపానులోని సోనీ సంస్థ 1979 జూలై 1న తొలి వాక్‌మన్‌ను విపణిలోనికి తెచ్చినది. తదుపరి అనేక సంస్థలు అదే కోవకు చెందిన యంత్రములను తయారు చేసినవి. నేడు అవి బీరువాల అడుగున మౌనముగా పడియున్నవి.

మా యింటిలోను అట్టిది ఒకటి కలదు. దానితోపాటు మా దాదీమా పాడిన లోరీ గల క్యాసెట్టు ఒకటి దొరికినది. ఆమె గతించి చాలా ఏండ్లయినది. ఆ కంఠస్వరము మిగిలినది ఆ ఒక్క టేపు మీదనే. ఆశతో సెల్లు వేసి మీట నొక్కినాము. యంత్రము కదలలేదు. "ఈ కాలమున వీటిని ఎవరు బాగుచేయుదురు? పారవేయుడు" అని దుకాణదారు సెలవిచ్చినాడు. పారవేయుటకు మనసొప్పక, మేమే దాని తత్త్వమును తెలిసికొన యత్నించినాము. ఆ అనుభవము సోదర విద్యార్థులకు ఉపకరించునని తలచి ఇచ్చట వివరించుచున్నాము.

మొదట గ్రహింపవలసిన సూత్రమొకటి కలదు. విద్యుత్తు సెల్లులో బయలుదేరి, లోహపు రేకుల మీదుగా మీటను దాటి, మోటారును చేరును. మోటారు బెల్టు ద్వారా చక్రములను త్రిప్పును. కావున దోషమును వెదకువారు ఈ దారినే మొదటినుండి అనుసరింపవలెను. ఒకేసారి అన్నిటినీ విప్పదీయుట అవివేకము.

మొదటి మజిలీ సెల్లు. ఈ యంత్రములలో అనేకమునకు రెండు పెన్సిల్ సెల్లు కావలెను. ఒక్కొక్కటి 1.5 వోల్టులు, రెండును వరుసగా కలిసి 3 వోల్టులు. వరుసలో ఒక్కటి నీరసించినను రెండవది ఏమియు చేయజాలదు. అందుచేత రెంటినీ ఒకేసారి మార్చవలెను. స్ప్రింగు ఉన్న వైపు రుణధ్రువము, అనగా సెల్లు యొక్క చదునైన అడుగు, ఉండవలెను.

రెండవది చిలుము. సెల్లును లోపలనే మరచినచో అవి కారి, రేకులపై తెల్లని లేక పచ్చని పొర ఏర్పడును. విద్యుత్తు ఆ పొరను దాటలేదు. ఆల్కలైన్ సెల్లు నుండి కారునది పొటాషియం హైడ్రాక్సైడు అను క్షారము. దానిని ఒట్టి చేతితో తాకరాదు. దూదిపుల్లను నిమ్మరసములో ముంచి తుడిచిన, ఆ ఆమ్లము క్షారమును శమింపజేయును. పిదప తడి గుడ్డతో తుడిచి, బాగుగా ఆరనిచ్చి, రేకును గరుకు కాగితముతో మెల్లగా రుద్దవలెను.

మూడవది చాలామందికి తోచనిది. ప్రక్కనుండు అడాప్టరు రంధ్రములో పిన్ను దూర్చినప్పుడు సెల్లు దారి తెగిపోవునట్లు అనేక యంత్రములలో ఏర్పాటు ఉండును. లోపలి రేకు తిరిగి యథాస్థానమునకు రానిచో, సెల్లు కొత్తవైనను ఫలితముండదు. పిన్నును నాలుగైదుమార్లు దూర్చి తీసిన ఒక్కొక్కప్పుడు అది సర్దుకొనును.

నాలుగవ పరీక్షకు చెవియే సాధనము. మీట నొక్కి చెవిని ఆనించవలెను. సన్నని గుర్రుమను ధ్వని వినవచ్చిన మోటారు తిరుగుచున్నదని అర్థము. అప్పటికిని చక్రములు కదలనిచో దోషము బెల్టునందు ఉండవచ్చును.

మా యంత్రమునకు రెండు వ్యాధులున్నవి. చిలుము తుడువగనే గుర్రుమను ధ్వని వినిపించినది, కాని చక్రము కదలలేదు. మరలు విప్పి చూడగా రబ్బరు బెల్టు కరిగి తారువలె చక్రములకు అంటుకొనియున్నది. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి ఆ జిగురును ఓపికగా తొలగించినాము. బెల్టు పోవు మార్గము వెంట దారము చుట్టి కొలిచి, అంతకంటె కొంచెము పొట్టిదైన కొత్త బెల్టు వేసినాము. బిగువు కొరకు ఆ తేడా అవసరము.

ఇచ్చట ఒక హెచ్చరిక. బాగుపడిన యంత్రములో అమూల్యమైన క్యాసెట్టును వెంటనే పెట్టరాదు. చక్రము సరిగా తిరుగనిచో టేపు చిక్కుపడి నలిగిపోవును. మేము ముందు పనికిరాని క్యాసెట్టును రెండు వైపులా నడిపి చూచినాము. శ్రుతి వణకకుండ, వేగము మందగించకుండ సాగిన పిమ్మట మాత్రమే దాదీమా క్యాసెట్టును పెట్టినాము. హెడ్‌ఫోను స్థానమున కంప్యూటరునకు పోవు తీగను కలిపి, ఆ మొదటి పర్యాయముననే ప్రతిని భద్రపరచినాము.

మొదట ఒక చిన్న దగ్గు వినిపించినది. తరువాత లోరీ ఆరంభమైనది. మా అమ్మ ఆ దగ్గునే మరల వినిపింపుమని కోరినది.

ఆ రాత్రి యంత్రమును బీరువాలో పెట్టుటకు ముందు సెల్లును తీసి వేరుగా ఉంచినాము. ఆ పని ఇరువది ఏండ్ల క్రిందట చేసియున్న, చిలుము బెడదయైనను తప్పియుండెడిది.