బొగ్గురైలు - ఊరిబాట

బాటపై బండ్లు తగ్గినచో కలుగు లాభమెట్టిదో మా జ్యోతినగరమును ఉదాహరణముగా గైకొని మనవి చేసెదను.

ఇచ్చటి ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రము 1983లో తొలి యంత్రముతో ఆరంభమై, 2004 నాటికి 2600 మెగావాట్ల శక్తి గలదయ్యెను. ఒక యూనిటు కరెంటునకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావలెను. యంత్రములన్నియు దినమెల్ల పూర్తిగా నడచినచో 43 వేల టన్నులు పట్టును. లారీకి 20 టన్నుల చొప్పున 2 వేలకు పైగా లారీలు కావలెను. రాకపోకలు రెండును లెక్కించినచో, నిమిషమునకు మూడు లారీలు రేయింబవళ్లు మన వాకిళ్ల ముందు పోవలసియుండును.

ఈ బాధను తప్పించినది రైలు. గనులనుండి బొగ్గు ప్రత్యేకమైన చుట్టుపట్టాలపై వచ్చును. పెట్టె అడుగు తలుపు తెరచుకొనగా బొగ్గు గోతిలో పడును. బండి ముందుకే సాగి గనికి మరలును. ఇనుపపట్టాపై ఇనుపచక్రమునకు ఒరపిడి స్వల్పము గనుక టన్నొక్కింటికి అగు చమురు లారీకన్న చాల తక్కువ. డీజిలు లీటరు మండినచో, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువగును. చమురెంత మిగులునో ఆ వాయువంత తగ్గును.

ఇక రద్దీ మాట. బాటలో చోటున్నంతవరకు ఇంకొక బండి చేరినను బాధ లేదు. బాట నిండిన పిమ్మట ఒక్కటి చేరినను వెనుకనున్న వరుస యెల్ల నిలిచిపోవును. కావుననే నిండిన బాటపై పదింట ఒక బండి తగ్గినను, ఆలస్యము అంతకు మించి తగ్గును. ఆగియాగి నడచు బండి తాగు చమురును మిగులును.

2020 మార్చి 25న దేశమెల్ల రాకపోకలు నిలిచినపుడు హైదరాబాదు మొదలగు నగరములలో గాలి తేటపడుట అందరెరిగినదే. బండ్లు మరలగనే పొగయు మరలినది. తెరపియైన బాట క్రొత్త బండ్లను పిలుచును. కావున ఒకనాటి తగ్గుదల చాలదు. మరియొక సంగతి: రైలు బాటపొగను తగ్గించును గాని, బొగ్గు కాలుటచే పొగగొట్టమునుండి వెడలు పొగను తగ్గింపజాలదు. ఈ రెంటిని కలిపి చెప్పుట న్యాయము కాదు.

బొగ్గు రైలుపై వచ్చినను, బూడిద ఇటుకలకును సిమెంటునకును లారీలలో పోవుచునేయున్నది. పైపట్టా కప్పని బండిని, మితిమించిన బరువును, బడివేళల రాకపోకలను గూర్చి గ్రామసభలో అడుగుటకు పెద్దలైన మీకు అధికారము గలదు. బాటప్రక్క బడికి నడచు పిల్లల ఊపిరి మీ మాటపై ఆధారపడియున్నదని నా మనవి.