అమ్మేది బర్గర్లు... ఆదాయం అద్దెలు!

మెక్‌డొనాల్డ్స్ అనగానే బర్గర్లూ ఫ్రెంచ్ ఫ్రైసూ గుర్తొస్తాయి. ఆ సంస్థకు కాసులు కురిపించేవి మాత్రం... స్థలాలు!

1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటల్ని కొత్త పద్ధతిలో మళ్లీ తెరిచారు. తక్కువ రకాలు, తక్కువ ధర, ఆర్డరిచ్చిన కాసేపట్లోనే చేతికి పొట్లం. మిల్క్‌షేక్ మిక్సర్లు అమ్మే రే క్రాక్ 1954లో అది చూసి ముచ్చటపడ్డాడు. ఊరూరా శాఖలు పెట్టిస్తానని ఒప్పందం చేసుకున్నాడు. తీరా చూస్తే అతనికొచ్చేది అమ్మకాల్లో 1.9 శాతం. అందులోనూ 0.5 శాతం సోదరుల వాటా. మిగిలింది ఖర్చులకే చాలేది కాదు.

దారి చూపింది, సంస్థ ఆర్థిక వ్యవహారాలు చూసే హ్యారీ సోనెబోర్న్. 1956లో స్థలాల కోసమే వేరే కంపెనీ పెట్టించాడు. మంచి చోట స్థలాన్ని తాము లీజుకు తీసుకుని, శాఖ నడిపేవాళ్లకి ఎక్కువ అద్దెకివ్వడం... అదీ ఉపాయం! అమ్మకాలు పెరిగితే అద్దే పెరుగుతుంది. పైగా శుభ్రతలోనో రుచిలోనో నిబంధన తప్పితే ఖాళీ చేయమనొచ్చు. అలా నిలదొక్కుకున్న క్రాక్ 1961లో అప్పు తెచ్చి మరీ, సోదరులకు 27 లక్షల డాలర్లిచ్చి హక్కులన్నీ కొనేశాడు.

ఇప్పుడు 100కు పైగా దేశాల్లో 40 వేలు దాటిన శాఖల్లో దాదాపు 95 శాతాన్ని నడిపేది ఫ్రాంచైజీలే. వాటి నుంచి సంస్థకొచ్చే సొమ్ములో సగానికి పైగా అద్దెలే. పొయ్యి దగ్గర చెమటోడ్చేదీ గిరాకీ తగ్గితే దిగులుపడేదీ శాఖ నడిపేవారు. బేరం ఉన్నా లేకున్నా కనీస అద్దె మాత్రం తప్పదు మరి!