హృదయ ధమనులలోకి తీగ బాట

గుండె రక్తంతో నిండి ఉండే అవయవం. ఒక దినంలో అది సుమారు లక్ష సార్లు ముడుచుకొని, నిమిషానికి ఇంచుమించు ఐదు లీటర్ల రక్తాన్ని దేహమంతటికీ నెట్టుతుంది. అయినా తన గదులలో నిండే ఆ రక్తం నుండి గుండె గోడ తనకు కావలసిన ప్రాణవాయువును తీసుకోలేదు. ఆ గోడ దళసరిగా ఉండటమే ఇందుకు కారణం. అందుచేత గుండె కండరానికి రక్తం అందించడానికి ప్రత్యేకంగా రెండు ధమనులు ఉన్నాయి. ఇవి బృహద్ధమని మొదట్లోనే, కవాటానికి కొంచెం పైన, కుడి యెడమల బయలుదేరి గుండె పైభాగమంతా కొమ్మలుగా వ్యాపిస్తాయి. వీటినే హృదయ ధమనులు అంటారు. వీటి లోపలి వ్యాసం మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. పోనుపోను ఇంకా సన్నబడుతుంది.

కాలువలో ఒండ్రు పేరుకొన్నట్లు ఈ ధమనులలో కూడా పూడిక ఏర్పడుతుంది. అయితే కాలువ పూడికకూ దీనికీ ఒక భేదం ఉన్నది. ఇక్కడ కొవ్వు పదార్థం గోడ మీద కాక గోడ పొరల మధ్యనే చేరి, గోడను లోపలి వైపునకు ఉబ్బిస్తుంది. సన్నని గొట్టాలలో ద్రవ ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్ని అనుసరించి మారుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులు చదువుతారు. పీడనం మారకుండా గొట్టపు వ్యాసం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారింట ఒక వంతు అవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు చిన్న రక్తనాళాలు వ్యాకోచించి ఈ లోటును కొంత సర్దుతాయి. కాని మెట్లు ఎక్కినప్పుడో, బరువు మోసినప్పుడో ఆ సర్దుబాటు చాలదు. అప్పుడు ఛాతీలో నొప్పి వస్తుంది. ఒకనాడు ఆ పూడిక మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి, దారి పూర్తిగా మూసుకొనిపోవచ్చు. దానినే గుండెపోటు అంటారు. సుమారు అరగంట గడిచేసరికి రక్తం అందని కండరం చనిపోవడం ప్రారంభమవుతుంది. చనిపోయిన కండరం మళ్లీ పెరగదు.

కనుక ఛాతీని కోయకుండా, త్వరగా, ఆ మూడు మిల్లీమీటర్ల నాళంలోని అడ్డంకిని చేరడం ఎట్లా అన్నది వైద్యుల ముందున్న సమస్య. మెత్తని గొట్టం వంకరలు తిరుగుతుంది గాని చర్మాన్ని దాటి లోనికి పోలేదు. గట్టి గొట్టం లోనికి పోతుంది గాని మలుపు వద్ద నాళాన్ని చీల్చుతుంది. ఈ చిక్కు ఒక్కసారిగా విడిపోలేదు. దీనికి సుమారు అరవై సంవత్సరాలు పట్టింది.

గుండెలోకి గొట్టం పంపినా మనిషి బ్రతుకుతాడని మొదట రుజువు చేసినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ యువ వైద్యుడు. 1929లో ఎబెర్స్‌వాల్డె పట్టణంలోని ఆసుపత్రిలో ఆయన మూత్రనాళానికి వాడే సన్నని గొట్టాన్ని తన ఎడమ మోచేతి వద్ద సిరలో దూర్చుకొని, 65 సెంటీమీటర్లు లోనికి తోసుకొని, అట్లాగే ఎక్స్-కిరణాల గదికి నడిచి వెళ్లాడు. ఛాయాచిత్రంలో గొట్టపు కొన గుండె కుడి భాగంలో కనిపించింది. ఈ పద్ధతిని పెంపొందించిన కూర్నాన్, రిచర్డ్స్ అనే శాస్త్రజ్ఞులతో పాటు ఫోర్స్‌మన్‌కు 1956లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే సిర మార్గం గుండె కుడి భాగానికే చేరుస్తుంది. హృదయ ధమనులు బయలుదేరేది బృహద్ధమని నుండి. అక్కడికి చేరాలంటే ధమనిలో ప్రవేశించి, రక్త ప్రవాహానికి ఎదురుగా ప్రయాణం చేయాలి. ధమనిలో పీడనం ఎక్కువ. రంధ్రం ఏ మాత్రం పెద్దదైనా రక్తం చిమ్ముతుంది. గొట్టాన్ని సూది లోపలి నుండి పంపాలంటే సూది గొట్టం కంటె లావుగా ఉండాలి, రంధ్రం కూడా అంత పెద్దదవుతుంది.

1953లో స్వీడన్ దేశపు వైద్యుడు స్వెన్ ఇవార్ సెల్డింగర్ ఈ సమస్యకు మిక్కిలి సులభమైన పరిష్కారం ప్రకటించాడు. సన్నని సూదితో ధమనిని గుచ్చాలి. సూది బోలులో నుండి మెత్తని కొన గల లోహపు తీగను లోనికి పంపాలి. తీగను అక్కడే ఉంచి సూదిని తీసివేయాలి. తీగ వెలుపలి కొసకు గొట్టాన్ని పూసను దారానికి గుచ్చినట్లు ఎక్కించి, తీగ వెంట లోనికి జరపాలి. చివరకు తీగను లాగివేస్తే గొట్టం ధమనిలో మిగులుతుంది. ఇప్పుడు గొట్టం సూది కంటె లావుగా ఉండవచ్చు. రంధ్రం గొట్టం చుట్టూ బిగిసి ఉంటుంది కనుక రక్తం కారదు.

ఇందులోని ముఖ్య సూత్రం ఒక్కటే. ఒకసారి చేరిన చోటును వదులుకోరాదు. పనిముట్లు మారుతూ ఉంటాయి, తీగ మాత్రం స్థానంలో నిలిచి ఉంటుంది. పిమ్మట వచ్చిన పనిముట్లన్నీ ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నాయి.

నేటి వైద్యులు ఎక్కువగా మణికట్టు వద్ద, కొన్ని సందర్భాలలో గజ్జ వద్ద, ధమనిని గుచ్చుతారు. తీగ మీదుగా మొదట ఒర వంటి చిన్న గొట్టాన్ని అమర్చుతారు. దాని వెలుపలి కొసలో రబ్బరు వంటి పదార్థంతో చేసిన కవాటం ఉంటుంది. అది పనిముట్లను లోనికి రానిస్తుంది, రక్తాన్ని వెలుపలికి పోనీయదు. ఈ ఒర గుండా కాథెటర్ అనే పొడవైన గొట్టం పోతుంది. కాథెటర్ల లావును 19వ శతాబ్దంలో ప్యారిస్‌లో పనిముట్లు తయారుచేసిన షారియేర్ కొలమానంతో నేటికీ కొలుస్తారు. దీనిని ఫ్రెంచి కొలత అంటారు. ఒక ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడవ వంతు. సాధారణంగా వాడే ఆరు ఫ్రెంచి కాథెటర్ వెలుపలి వ్యాసం రెండు మిల్లీమీటర్లు అన్నమాట. కాథెటర్ కొనను ముందుగానే ఒక ప్రత్యేకమైన వంపుతో తయారుచేస్తారు. లోపల తీగ ఉన్నంతసేపు అది తిన్నగా ఉంటుంది. తీగ తీయగానే తన వంపు తిరిగి పొంది, ధమని ద్వారంలో చక్కగా కూర్చుంటుంది. కుడి ధమనికి ఒక వంపు, ఎడమ ధమనికి వేరొక వంపు.

ధమని లోపలి రూపం కంటికి కనిపించదు కనుక, ఎక్స్-కిరణాలను అడ్డగించే అయొడిన్ ద్రవాన్ని కాథెటర్ ద్వారా ధమనిలోకి పంపి తెరపై చూస్తారు. ఈ ద్రవం నేరుగా హృదయ ధమనిలో పడితే గుండె ఆగిపోతుందని పూర్వం భయపడేవారు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు బృహద్ధమనిలో ద్రవం పంపుతుండగా, కాథెటర్ కొన జారి కుడి హృదయ ధమనిలోకి పోయింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది. దగ్గమని చెప్పగా రోగి దగ్గాడు, గుండె తిరిగి కొట్టుకొన్నది. అనుకోకుండా జరిగిన ఈ సంఘటన వలన, తక్కువ మోతాదులో అయితే ద్రవాన్ని హృదయ ధమనిలోకే పంపవచ్చునని తేలింది.

చూడటం సాధ్యమైన తరువాత బాగుచేయడం మిగిలింది. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఛార్లెస్ డాటర్, కాలి ధమనిలో సన్నబడిన చోట తీగ మీదుగా ఒకదాని కంటె ఒకటి లావైన గొట్టాలను పంపి దారిని వెడల్పు చేశాడు. కాని లావైన గొట్టం ప్రవేశించడానికి లావైన రంధ్రం కావాలి. లోనికి పోయేటప్పుడు సన్నగా ఉండి, చేరవలసిన చోట లావయ్యే పనిముట్టు ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తన ఇంటి వంటగదిలో ప్లాస్టిక్ గొట్టాలతో ప్రయోగాలు చేసి అట్టి బెలూనును తయారుచేశాడు. 1977 సెప్టెంబరు 16న మొట్టమొదటిసారిగా, మెలకువగా ఉన్న రోగి హృదయ ధమనిని దానితో వెడల్పు చేశాడు.

హృదయ ధమనిలోకి పోయే తీగ ఇంకా సన్నం. దాని వ్యాసం 0.36 మిల్లీమీటరు, పొడవు రెండు మీటర్లకు కొంచెం తక్కువ. కొన మెత్తగా ఉంటుంది. వైద్యుడు దానిని కొద్దిగా వంచి, వెలుపలి నుండి త్రిప్పుతూ పూడికను దాటిస్తాడు. బెలూను గొట్టం ఆ తీగ మీదుగా పోతుంది. మొదట్లో తీగ గొట్టం పొడవునా సాగేది. గొట్టాన్ని మార్చేటప్పుడు తీగ పట్టు తప్పకుండా ఉండాలంటే సుమారు మూడు మీటర్ల తీగ కావలసి వచ్చేది. ఇప్పుడు గొట్టపు చివరి భాగంలో మాత్రమే తీగకు దారి ఉంటుంది. అందువల్ల పొట్టి తీగతోనే, ఒక్కరే, స్థానం తప్పకుండా పనిముట్లు మార్చగలుగుతున్నారు.

బెలూనును గాలితో నింపరు. అది పగిలితే గాలి బుడగ రక్తనాళాన్ని మూసివేస్తుంది. అయొడిన్ ద్రవం కలిపిన ఉప్పునీటితో నింపితే తెరపై కనిపిస్తుంది కూడా. ద్రవం నొక్కుకుపోదు కనుక పంపు మరను త్రిప్పిన కొద్దీ పీడనం నేరుగా బెలూనుకు చేరుతుంది. ఈ పీడనం తరచు పది, పన్నెండు వాతావరణ పీడనాలు ఉంటుంది. కారు చక్రంలో గాలి పీడనం సుమారు రెండు వాతావరణ పీడనాలే. బెలూను ఉబ్బి ఉన్న కొద్ది సెకండ్లూ ఆ ధమనిలో ప్రవాహం ఆగిపోతుంది. రోగికి అప్పుడు ఛాతీ నొప్పి తెలియవచ్చు.

బెలూను తీసిన తరువాత ధమని గోడ తన సాగే గుణం వలన కొంత వెనుకకు ముడుచుకొనేది. కొందరిలో లోపలి పొర చిరిగి దారికి అడ్డుపడేది. మొదట బాగున్నవారిలో కూడా ఇంచుమించు మూడింట ఒక వంతు మందికి కొద్ది నెలలలో ఆ చోటు మళ్లీ సన్నబడేది. గోడకు లోపలి నుండి ఆసరా కావలసి వచ్చింది. 1986లో ఫ్రాన్స్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ మొదటిసారిగా మనుష్యుల హృదయ ధమనులలో లోహపు జాలితో చేసిన గొట్టాలను నిలిపారు. వీటినే స్టెంటులు అంటారు.

ఇప్పుడు ఎక్కువగా వాడే స్టెంటును బెలూను మీద అదిమి, సుమారు ఒక మిల్లీమీటరు లావుకు తెస్తారు. బెలూను ఉబ్బినప్పుడు జాలి విచ్చుకొని గోడకు అతుక్కొంటుంది. బెలూనును తీసివేసినా జాలి మాత్రం ముడుచుకొనదు. పాఠశాలలో చదివే స్థితిస్థాపకత ఇక్కడ పనికివస్తుంది. తీగను కొంచెం వంచి వదిలితే యథాస్థితికి వస్తుంది, స్థితిస్థాపక అవధి దాటి వంచితే వంగినట్లే ఉంటుంది. స్టెంటు లోహాన్ని ఆ అవధి దాటించి వంచుతారు. కోబాల్టు, క్రోమియం మిశ్రమంతో చేసిన నేటి స్టెంటుల జాలి కడ్డీలు ఇంచుమించు తలవెంట్రుక మందాన ఉంటాయి.

లోహం తగిలిన చోట శరీరం కణజాలాన్ని పెంచి దారిని తిరిగి ఇరుకు చేయగలదు. దీనిని అరికట్టడానికి కణాల పెరుగుదలను ఆపే మందును పూసిన స్టెంటులు 2000 ప్రాంతంలో వాడుకలోకి వచ్చాయి. పరాయి లోహం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది. అందుకే గడ్డకట్టకుండా చేసే మాత్రలను వైద్యుడు చెప్పినంత కాలం వాడాలి. నొప్పి లేదు గదా అని మధ్యలో మానివేయడం ప్రాణాంతకం కావచ్చు.

విదేశీ స్టెంటుల ధర సామాన్యులకు అందనిదిగా ఉన్న రోజులలో, 1990ల దశకంలో, హైదరాబాదులో హృద్రోగ వైద్యుడు సోమరాజు, రక్షణ శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు దొరికే స్టెంటును రూపొందించారు. అది కలాం-రాజు స్టెంటుగా పేరు పొందింది. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకు ముందు మందు పూసిన స్టెంటుకు లక్ష రూపాయలకు పైగా చెల్లించినవారు ఎందరో ఉన్నారు. ఈ గరిష్ఠ ధరలను ఆ తరువాత కూడా సవరిస్తూ వచ్చారు.

స్టెంటు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసి ఉండటం మంచిది. గుండెపోటు వచ్చినప్పుడు మూసుకొన్న దారిని వెంటనే తెరిస్తే కండరం దక్కుతుంది, ప్రాణం నిలుస్తుంది. అందుకే రోగి ఆసుపత్రి చేరిన 90 నిమిషాలలోగా ఈ పని జరగాలని వైద్య సంఘాలు నిర్దేశించాయి. కాని శ్రమపడినప్పుడు మాత్రమే నొప్పి వస్తూ, నిలకడగా ఉన్న రోగుల సంగతి వేరు. అట్టివారిపై జరిగి 2007లోను, 2020లోను ప్రచురితమైన రెండు పెద్ద పరిశోధనలలో, మందులకు తోడు స్టెంటు వంటి చికిత్స చేయడం వలన నొప్పి తగ్గినట్లు తేలింది గాని మరణాలు తగ్గినట్లు కనిపించలేదు. స్టెంటు ఒక్క చోట దారిని తెరుస్తుంది. పూడికకు మూలమైన వ్యాధి మాత్రం ధమనులన్నింటిలోను ఉంటుంది. పొగ మానడం, రక్తపు పోటును, మధుమేహాన్ని, కొవ్వును అదుపులో ఉంచడం స్టెంటు వేయించుకొన్న తరువాత కూడా తప్పనిసరి.

ఇన్ని పనిముట్లు సిద్ధంగా ఉన్నా, రోగి సమయానికి ఆసుపత్రి చేరితేనే అవి ఉపయోగపడతాయి. ఛాతీలో బరువుగా, నొక్కినట్లుగా నొప్పి వచ్చి, అది చేతికో దవడకో ప్రాకి, చెమటలు పడితే, అజీర్ణమని సరిపెట్టుకొని తెల్లవారే దాకా ఆగరాదు. ఆ అరగంట విలువను పాఠశాలలో నేర్చుకొన్న విద్యార్థి, ఇంటిలో పెద్దలకు అట్టి నొప్పి వచ్చిననాడు వారిని వెంటనే ఆసుపత్రికి బయలుదేరదీయగలడు.